ఎఫ్‌8 నొక్కి ముందుకెళ్ళిన రోజులు

పాత సీడీ పౌచ్ జిప్పు లాగితే ఒక వాసన వస్తుంది. రెక్సిన్, లోపలి ప్లాస్టిక్ తొడుగులు, మార్కర్ పెన్ను సిరా, మూడూ కలిసి ఏళ్ళ తరబడి మగ్గిన వాసన. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది కదా. ఆ వంకన పాత సిస్టమ్‌లన్నీ సర్దుతుంటే ఇలాంటి పౌచ్ ఒకటి బయటపడింది. తొడుగుకో సీడీ, దాదాపు అన్నీ డబ్బు కట్టకుండా వాడుకున్న దొంగ కాపీలే. వాటి మీద మార్కర్ రాతలు: ఎక్స్‌పీ ఎస్‌పీ2, ఆఫీస్ 2003, మదర్‌బోర్డు డ్రైవర్లు, ఆల్ ఇన్ వన్. కొన్నిటికి అంచు వెంట గుండ్రంగా ఎక్కించేటప్పుడు అడిగే ఇరవై అయిదు అక్షరాల కీ కూడా రాసుంది. బీ ఏదో 8 ఏదో తెలియడానికి బీ కింద ఒక గీత.

ఆ గీత గీసినవాళ్ళకి పని తెలుసు. విండోస్ ఎక్స్‌పీ కీలో సున్నా ఉండదు, ఓ ఉండదు. ఒకటీ ఉండదు, ఐ కూడా ఉండదు. కళ్ళు పొరబడే జంటలను మైక్రోసాఫ్ట్ ముందే తీసేసి, మిగిలిన 24 గుర్తులతోనే కీలు తయారుచేసింది. అయినా బీ, 8 మిగిలాయి. జీ, 6 మిగిలాయి. చేతిరాతలో ఆ రెండు జంటలే ప్రాణం తీసేవి.

* * *

విండోస్ వేయడం అప్పట్లో ఒక పూట పని. సిస్టమ్ లేవగానే నడిచే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్ళి మొదటి బూట్ సీడీ డ్రైవుకు మార్చాలి. సీడీ నుంచి బూట్ కావడానికి ఏదో ఒక కీ నొక్కమని ఒక లైను కనబడి చుక్కలు పడేవి. ఆ నాలుగైదు సెకన్లలో చెయ్యి కీబోర్డు మీద లేకపోతే మళ్ళీ రీస్టార్ట్. 52 స్పీడు డ్రైవు ఊపందుకుంటే సీపీయూ డబ్బా రేకు సన్నగా రొద పెట్టేది. ఆ తర్వాత నీలం తెర, తెల్ల అక్షరాలు, లైసెన్స్ ఒప్పందం. ఒప్పుకుంటే ఎఫ్‌8, వద్దంటే ఎస్కేప్, మిగతాది చదవాలంటే పేజ్ డౌన్. ఆ పేజ్ డౌన్ నొక్కినవాళ్ళు ఎక్కడైనా ఉంటే దండం పెట్టాలి. తెర నిండేలోపే ఎఫ్‌8 మీద వేలు పడిపోయేది.

తర్వాత పార్టిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ క్విక్ ఫార్మాట్, ఫైళ్ళ కాపీ, ఒక రీస్టార్ట్. అప్పుడు ఎడమ పక్కన కనబడేది: ఇంకా 39 నిమిషాలు. అవి గోడ గడియారం నిమిషాలు కావు. మెమరీ తక్కువున్న సిస్టమ్‌లో గంట దాటేవి, మంచి సిస్టమ్‌లో ఇరవైకే అయిపోయేవి. మధ్యలో పేరు, సంస్థ, కీ అడిగేది. పేరు దగ్గర యూజర్, సంస్థ దగ్గర హోమ్, కీ దగ్గర సీడీ మీది రాత.

అక్కడితో సగమే అయినట్టు. తర్వాత మదర్‌బోర్డు సీడీ, ఆఫీస్, విన్‌రార్, నీరో, ఒక ప్లేయరు, ఫోటోషాప్, కోరల్‌డ్రా, కీ ఫైలుతో సహా యాంటీవైరస్. దొంగ కీలు పుట్టించే కీజెన్ తెరిస్తే స్పీకర్లలోంచి ట్రాకర్ సంగీతం ఒక్కసారిగా మోగేది. ఆపే బటన్ ఎక్కడుందో వెతికేలోపు పక్క గదిలోవాళ్ళకి కూడా వినబడేది. చిత్రమేమిటంటే, విన్‌రార్ 40 రోజుల గడువు అయిపోయాక కూడా ఒక మర్యాద డబ్బా చూపించి పని చేస్తూనే ఉండేది. లైసెన్స్ తనిఖీని తప్పించే క్రాక్ అవసరమే లేని దానికి కూడా క్రాక్ వేసేవాళ్ళు, అలవాటు కొద్దీ.

"ఇవన్నీ ఒరిజినలేనా బాబూ?"

"అన్నీ ఫుల్ వెర్షన్లే సార్."

అడిగినాయనకి జవాబు దొరికినట్టే ఉండేది. అసెంబుల్డ్ సిస్టమ్ బిల్లులో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్‌డిస్క్, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, మానిటర్, ఆఖరికి మౌస్ ప్యాడ్ దాకా వరుసలుండేవి. సాఫ్ట్‌వేర్ వరుస మాత్రం ఉండేది కాదు. కుండ కొంటే నీళ్ళు దానితోపాటే వస్తాయన్న లెక్క. తర్వాత్తర్వాత ఎవరైనా తమ సిస్టమ్ సంగతి తేల్చుకోవాలంటే మొదట చూడాల్సింది ఆ బిల్లే. అందులో విండోస్ పేరు లేదంటే, మిగతా పరీక్షలు చాలావరకు లాంఛనమే.

* * *

ఈ అలవాటు సీడీలతో మొదలైంది కాదు. ఆల్టెయిర్ కంప్యూటర్ కోసం రాసిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను అభిరుచిపరులు పేపర్ టేపు మీద నకళ్ళు తీసి పంచుకుంటున్నారని బిల్ గేట్స్ బహిరంగ లేఖ రాసింది 1976 ఫిబ్రవరిలో. ఫ్లాపీల కాలంలో ఆటలు కాపీలను అడ్డుకోవడానికి మాన్యువల్‌ను కాపలా పెట్టేవి: ఫలానా పేజీలో, ఫలానా లైనులో, మూడో మాట ఏమిటి? జవాబు చెప్తేనే ఆట. మాన్యువల్ జిరాక్స్ తీస్తే ఆ కాపలా కూడా పోయేది. ఖరీదైన డ్రాయింగ్, అకౌంట్స్ ప్యాకేజీలకు డాంగిల్ అనే తాళం ముక్క ఉండేది, అది తగిలిస్తేనే ప్రోగ్రామ్ నడిచేది. ప్రింటర్ పోర్టుకి డాంగిల్, డాంగిల్ వెనక ప్రింటర్ కేబుల్. ప్రింటర్ ఆఫ్‌లో ఉంటే కొన్ని డాంగిళ్ళు మొండికేసేవి. డబ్బులు పెట్టి కొన్నవాళ్ళకే ఆ తిప్పలు, కాపీ వాడినవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. ఆ కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను.

విండోస్ 95 నాటి కీ అయితే ఉత్త లెక్క. అంకెల మధ్య లెక్క కుదిరిందా లేదా అని ఆ సిస్టమే చూసుకునేది. బయట ఎవరినీ అడిగేది కాదు, అడగడానికి చాలా ఇళ్ళలో మోడెమ్ కూడా లేదు. ఒకే కీతో ఊరంతా నడిచేది అందుకే.

2001 అక్టోబరు 25న వచ్చిన ఎక్స్‌పీతో కథ మారింది. కీ కొట్టాక 30 రోజుల్లో మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేయించి యాక్టివేట్ చేయాలి, లేకపోతే లాగిన్ కానివ్వదు. ప్రాసెసర్, హార్డ్‌డిస్క్, నెట్‌వర్క్ కార్డు, ర్యామ్ ఇలా పది రకాల వివరాలను కలిపి సిస్టమ్‌కి ఒక గుర్తు తయారుచేసేది. ఇంటర్నెట్ లేకపోతే ఫోన్ మీద. తెర మీది 50 అంకెలు చదివి వినిపిస్తే అవతలి నుంచి 42 అంకెలు చెప్పేవారు, ఏడు గళ్ళలో ఆరేసి చొప్పున నింపాలి. ఒక్కరే ఫోను పట్టుకుని కొట్టడం కష్టం. ఒకరు వింటూ పైకి చెప్పడం, ఇంకొకరు టైపు చేయడం. అయ్యాక ఆ సంతోషం వేరు.

కానీ పెద్ద సంస్థల కోసం ఇచ్చిన వాల్యూమ్ కీకి ఈ యాక్టివేషన్ అక్కర్లేదు. అలాంటి కీ ఒకటి ఎక్స్‌పీ విడుదల కాకముందే బయటికి పొక్కింది. పౌచ్‌లోని సీడీ మీద గుండ్రంగా ఉండే రాత చాలాసార్లు అదే. 2002 సెప్టెంబరులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 ఆ కీ ఉన్న సిస్టమ్‌లో ఎక్కనని మొరాయించింది. అప్పుడు పుట్టిందే ఆ సలహా: ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆఫ్ చేసెయ్యండి, లేకపోతే విండోస్ పోతుంది.

ఆ సలహా చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. విండోస్‌లో ఆర్‌పీసీ అనే భాగంలోని లోపానికి మైక్రోసాఫ్ట్ 2003 జులైలోనే సవరణ ఇచ్చింది. ఆగస్టులో ఆ లోపం గుండా నెట్‌లో దానంతటదే పాకే బ్లాస్టర్ వార్మ్ వచ్చిపడింది. ఇంటర్నెట్‌కి కలిపిన కాసేపటికే తెర మీద ఒక డబ్బా, 60 నుంచి వెనక్కి లెక్క, సిస్టమ్ షట్‌డౌన్. రన్‌లో షట్‌డౌన్ అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ ఏ కొడితే ఆ లెక్క ఆగేది. ఆ వెసులుబాటులో ప్యాచ్ దింపుకోవాలి. అప్‌డేట్స్ ఆపినవాళ్ళు ఫార్మాట్ కొట్టించుకునేవారు. అదే సీడీతో, అదే లోపంతో విండోస్ మళ్ళీ ఎక్కేది, కేబుల్ పెట్టగానే మళ్ళీ అదే డబ్బా. నిజానికి ఆ తర్వాత విండోస్ ఒరిజినలా కాదా అని చూసే జెన్యూన్ తనిఖీలు వచ్చాక కూడా, ఒరిజినల్ కాని ఎక్స్‌పీకి ముఖ్యమైన సెక్యూరిటీ సవరణలు ఆటోమేటిక్ అప్‌డేట్స్ ద్వారా అందుతూనే ఉన్నాయి. ఆ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ, ఆఫ్ చేయమనేవాళ్ళు ఎక్కువ.

* * *

చాలామందికి అసలు విషయం తెలిసింది ఆ తనిఖీలతోనే. 2005లో డౌన్‌లోడ్ల దగ్గర, 2006 నుంచి నోటిఫికేషన్ల రూపంలో. గడియారం పక్కన ఒక నక్షత్రం గుర్తు, దాని మీద బుడగ: మీరు నకిలీ సాఫ్ట్‌వేర్ బారిన పడి ఉండొచ్చు. 2008 నుంచి ఇంకో మెట్టు. డెస్క్‌టాప్ బొమ్మ పోయి నల్లగా అయిపోయేది. పిల్లల ఫోటో మళ్ళీ పెట్టుకుంటే 60 నిమిషాలకి మళ్ళీ నలుపు. విండోస్ 7లో అయితే కుడి చేతి కింది మూల మూడు లైన్లు, ఈ కాపీ జెన్యూన్ కాదు అని, బిల్డ్ నంబరుతో సహా. ఆఫీసులో ప్రొజెక్టర్ పెట్టి లెక్కలు చూపిస్తున్నప్పుడు ఆ మూల మీద నుంచి జనం చూపు మరల్చడం ఎవరి తరమూ కాదు.

నిజంగా తెలుసుకోవాలంటే బుడగ కోసం ఆగనక్కర్లేదు. క్యాబినెట్ పక్క రేకు మీద సర్టిఫికెట్ ఆఫ్ అథెంటిసిటీ స్టిక్కర్ ఉందా, దాని మీది ఎడిషన్ పేరూ తెర మీది పేరూ ఒకటేనా చూడాలి. హోమ్ స్టిక్కర్ మీద ప్రొఫెషనల్ నడుస్తుంటే అది కూడా అక్రమమే. బ్రాండెడ్ సిస్టమ్‌లు ఈ లెక్కన బోలెడు దొరికేవి. ఒరిజినల్ స్టిక్కర్ ఉన్న సిస్టమ్‌నే ఎవరో ఫార్మాట్ కొట్టి, పౌచ్‌లోని సీడీ వేసి ఇచ్చేవారు. కొనుక్కున్నది రేకు మీద, దొంగది డిస్కులో. ఎక్స్‌పీలో మై కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిస్తే ప్రొడక్ట్ ఐడీ కనబడుతుంది. తయారీదారు విండోస్ అయితే రెండో ముక్కలో ఓఈఎం అనే మూడక్షరాలు ఉంటాయి. సీడీ దగ్గరికొస్తే, అసలు దానికి హోలోగ్రామ్ డిస్కులోనే అంచు దాకా ఉంటుంది. నకిలీ వాటికి మెరిసే స్టిక్కర్ అతికించేవారు, గోటితో అంచు గీకితే లేచొచ్చేది.

విండోస్ 7 నుంచి ఒక్క ఆదేశం చాలు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఖాళీ, స్లాష్ డీఎల్‌వీ. వచ్చే డబ్బాలో చానల్ అన్న చోట రిటైల్ (విడిగా కొన్నది), ఓఈఎం (సిస్టమ్‌తో పాటు వచ్చింది), వాల్యూమ్ (సంస్థలది) అని తేలిపోతుంది. ఇంటి సిస్టమ్‌లో వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని ఉండి, గడువు 180 రోజుల్లోపు చూపిస్తే ఇంకేం చూడనక్కర్లేదు. కేఎంఎస్ అన్నది సంస్థ లోపలి సర్వరుతో యాక్టివేట్ చేసుకునే పద్ధతి. కనీసం 25 క్లయింట్ సిస్టమ్‌లు అడిగితే తప్ప ఆ సర్వరు విండోస్‌ను యాక్టివేట్ చేయదు. ఇంట్లో ఉన్నదల్లా ఒక్క సిస్టమే అయితే, లోపలో బయటో ఏదో దొంగ సర్వరు కూర్చుని ఉన్నట్టే. టాస్క్ షెడ్యూలర్‌లో వెతికితే చాలాసార్లు దాని ఆనవాలు కనబడుతుంది. విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ తనిఖీ చేయకుండా వదిలేసే ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో దాని ఫోల్డరు కూడా తరచూ ఉంటుంది. ఆ ఫోల్డర్లో ఇంకేం చేరినా యాంటీవైరస్ కన్నెత్తి చూడదు. ఫోటో, డ్రాయింగ్ ప్యాకేజీల సంగతి, ఏ సైటు పేరు ఏ చిరునామాకి వెళ్ళాలో రాసుండే హోస్ట్స్ ఫైల్లో బయటపడుతుంది. యాక్టివేషన్ సర్వర్ల పేర్లన్నీ 127.0.0.1కి, అంటే తిరిగి ఈ సిస్టమ్‌కే తిప్పి వరుసగా రాసి ఉంటాయి.

* * *

కొనడానికి దిగితే తెలిసేది, మన అవసరం ఎంతో మనకే తెలియదని. ఊరికే వచ్చినన్నాళ్ళూ అందరిదీ అల్టిమేటే, అందరిదీ ఎంటర్‌ప్రైజే. ఆఫీస్‌లో యాక్సెస్, పబ్లిషర్ దాకా అన్నీ. నెలకి రెండు ఉత్తరాలు టైపు చేసేవాళ్ళ దగ్గర కూడా పెద్ద ఫోటోషాప్. డబ్బు చెల్లించేది అనగానే అన్నీ ఒక్కసారిగా చిన్నవైపోతాయి. చిక్కులన్నీ అక్కడే.

హోమ్ అండ్ స్టూడెంట్ ఆఫీస్ కొనుక్కొచ్చి పాతది తీసేసేవారు. అందులో వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, వన్‌నోట్ ఉండేవి, అవుట్‌లుక్ ఉండేది కాదు. ఏళ్ళ మెయిలంతా పీఎస్‌టీ ఫైల్లో భద్రంగానే ఉండేది గాని తెరిచే ప్రోగ్రామ్ ఉండేది కాదు. యాక్సెస్‌లో రాయించుకున్న స్టాక్ రిజిస్టరు గతీ అంతే. పైగా హోమ్ అండ్ స్టూడెంట్‌ను వ్యాపారానికి వాడకూడదన్న నిబంధన ఉండేది. దుకాణంలో వాడితే అది కొన్నా కొననట్టే.

డిజైన్ పనివాళ్ళది ఇంకో చిక్కు. కొన్న కోరల్‌డ్రా పాత వెర్షన్ అయితే కొత్త వెర్షన్‌లో దాచిన ఫైళ్ళు తెరుచుకోవు. క్రాక్ వెర్షన్ తీసేయకముందే పనికొచ్చే ఫైళ్ళన్నీ తెరిచి, సేవ్ యాజ్‌లో కింది వెర్షన్ ఎంచుకుని దాచుకోవాలి. ఫోటోషాప్ ఎలిమెంట్స్ చవక అని కొంటే అందులో ప్రింటింగుకి కావాల్సిన సీఎంవైకే రంగుల పద్ధతిలో పని చేయలేం. ప్రెస్‌కి పంపేవాళ్ళు ఆ సంగతి ముందే చూసుకోవాలి. జింప్, ఇంక్‌స్కేప్, లిబ్రేఆఫీస్ లాంటివి చాలామందికి సరిపోయేవి, ఇప్పుడూ సరిపోతాయి. ఒకటే షరతు, పాత ఫైళ్ళు ముందు వాటిలో తెరిచి చూసుకుని, ఆ తర్వాతే కొనాల్సినవి ఎన్నో లెక్క వేయాలి.

విండోస్ లైసెన్స్ రకాల్లో బోల్తా పడినవాళ్ళే ఎక్కువ. సిస్టమ్ బిల్డర్ ఓఈఎం ప్యాకు చవక, కానీ అది కొత్త సిస్టమ్‌తో పాటు అమ్మడానికి. ఇప్పటికే నడుస్తున్న దాన్ని సక్రమం చేసుకోవడానికి అది కాదు. కంపెనీలు వాల్యూమ్ లైసెన్సులు కొని ఊపిరి పీల్చుకునేవి. డెస్క్‌టాప్ విండోస్‌కి వాల్యూమ్ లైసెన్స్ అప్‌గ్రేడ్ మాత్రమే, కింద అర్హమైన పూర్తి లైసెన్స్ ఒకటి ముందే ఉండాలి. పునాది లేకుండా మేడ కొన్నామని ఆడిట్ రోజున తెలిసేది. అలాంటి సంస్థల కోసమే జెన్యూన్ విండోస్ ఒప్పందం అని మైక్రోసాఫ్ట్ విడిగా పెట్టింది. ఇంటి సిస్టమ్‌కి దారి పూర్తి రిటైల్ ప్యాక్.

విస్టా, ఆఫీస్ 2007 నాటి ప్యాకు గుర్తుందా? మూల గుండ్రంగా ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా. పైన సీలు ఒలిచి, పక్కనున్న ఎర్ర ట్యాబు లాగితే డబ్బా తలుపులా పక్కకి తిరిగేది. అది తెలియక కత్తెరతో యుద్ధం చేసినవాళ్ళెందరో. కీ స్టిక్కర్ లోపలే అతికించి ఉండేది. డబ్బా విరిచి పారేస్తే కీ కూడా చెత్తబుట్టలోకే. కీ ఫోటో తీసుకోవడం, బిల్లు దాచుకోవడం, డిస్కు విడిగా పెట్టుకోవడం, ఈ మూడూ చేసినవాళ్ళు తర్వాత సుఖపడ్డారు. బిల్లే అన్నిటికన్నా ముఖ్యం. కీ ఎవరి చేతికైనా చిక్కుతుంది, కొన్నామని చెప్పేది బిల్లు.

* * *

ఎక్కించడంలో జరిగే తప్పులు ఏ సిస్టమ్ చూసినా ఒకటే వరస. ఎక్స్‌పీలో ఓఈఎం కీ రిటైల్ సీడీ మీద పని చేయదు, రిటైల్ కీ ఓఈఎం సీడీ మీద పని చేయదు. కొన్న కీని తెచ్చి పౌచ్‌లోని పాత సీడీతో వేయబోతే కీ తప్పంటుంది, జనం దుకాణం మీద పడతారు. సాటా అనే కొత్త రకం కేబుల్ హార్డ్‌డిస్కుకి పాత ఎక్స్‌పీ సీడీలో డ్రైవర్ లేకపోతే, సెటప్ మొదట్లోనే ఎఫ్‌6 నొక్కి ఫ్లాపీలో డ్రైవర్ ఇవ్వాలి. ఆ లైను తెర అడుగున కొన్ని సెకన్లే ఉంటుంది. తప్పిపోతే 7బీ అన్న ఎర్రర్ నంబరుతో నీలం తెర, లేదా హార్డ్‌డిస్కే లేదన్న మాట. అప్పటికి ఫ్లాపీ డ్రైవు ఉన్న సిస్టమ్ దొరకడమే గగనం. విండోస్ ఎక్కాక నెట్‌వర్క్ డ్రైవర్ ఉండదు. డ్రైవర్ దింపుకుందామంటే నెట్ లేదు, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఫార్మాట్‌కి ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాల్సిన మొదటి ఫైలు అదే.

బ్యాకప్ అంటే మై డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ మాత్రమే అనుకుని పోగొట్టుకున్నది చాలా. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ మెయిలు మామూలుగా కంటికి కనబడని ఫోల్డర్లలో, డీబీఎక్స్ ఫైళ్ళుగా ఉండేది. అకౌంట్స్ ప్యాకేజీల డేటా సీ డ్రైవులో నేరుగా ఒక ఫోల్డర్లో పడుండేది. ఫేవరెట్స్, అడ్రస్ బుక్, విడిగా వేసుకున్న ఫాంట్లు కూడా అంతే. ఫాంట్లకీ లైసెన్స్ ఉంటుందంటే ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు.

విండోస్ 7 దగ్గర నుంచి ఎడిషన్ ఒకటే అయితే కీ మార్చుకుంటే చాలు, ఫార్మాట్ అక్కర్లేదని అంటారు. పద్ధతిగా చూస్తే నిజమే. కానీ విండోస్ 7కి వేసిన లోడర్ అనే క్రాక్ అసలు విండోస్ కన్నా ముందే లేచి, బయాస్‌లో తయారీదారు పట్టిక ఉన్నట్టు నటించే సరుకు. కీ మార్చినా అది బూట్ దారిలోనే కూర్చుంటుంది. కేఎంఎస్ పనిముట్లూ అంతే, ఏం మార్చాయో వాటిని రాసినవాళ్ళకే ఎరుక. అన్ని పార్టిషన్లూ తీసేసి మొదటి నుంచి వేసుకోవడమే నా ఓటు. ఇప్పుడైతే 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ చాలు. సీడీ కోసం ఎవరినీ బతిమాలే పని లేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి బ్రాండెడ్ సిస్టమ్‌లలో కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటోంది, సెటప్ అడగకుండానే తీసుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. మదర్‌బోర్డు మార్చే ఆలోచన ఉంటే, మార్చకముందే సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కలుపుకోవాలి. మార్చాక అక్కడే ట్రబుల్‌షూట్ నొక్కి, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానన్న లింకు ఎంచుకుంటే పాత సిస్టమ్ పేరు జాబితాలో కనబడుతుంది. రిటైల్ లైసెన్స్ అయితే అలా తరలివస్తుంది. ఓఈఎం అయితే పాత బోర్డుతోనే పోయినట్టు. చెడిపోయిన బోర్డును తయారీదారే మార్చి ఇచ్చిన సందర్భం ఒక్కటే మినహాయింపు.